మధ్యలో లేవక తప్పనివారికి: ఏ ఆట ఆడాలి, దాని గురించి ఎక్కడ రాయాలి?

మిర్యాలగూడలో ధాన్యం దిగే రోజుల్లో బియ్యం మిల్లు గుమాస్తాకు నిద్రే దొరకదు, ఇక వీడియో గేములు ఆడే తీరిక ఎక్కడిదని అడిగేవారున్నారు. నేను అలాంటి గుమాస్తానే. వానకాలం పంట అక్టోబరు నుంచి, యాసంగి పంట ఏప్రిల్ నుంచి లారీల్లోనూ ట్రాక్టర్లలోనూ వచ్చి మిల్లు గేటు ముందు బారులు తీరుతుంది. కాంటా చీటీలు, తేమ శాతాలు, బస్తాల లెక్కలు ముగించుకొని ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. అయినా పదేళ్లుగా ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో ఆటలు పూర్తి చేస్తూ, వాటి గురించి తెలుగులో బ్లాగు రాస్తూనే ఉన్నాను. ఇది చూసి, ఉద్యోగం, సంసారం ఉన్న మిత్రులు కొందరు తామూ మొదలుపెట్టాలనుకొని నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి: ఎలాంటి ఆటలు ఎంచుకోవాలి, ఏ యంత్రం కొనాలి, రాయాలా లేక వీడియో చేయాలా, రాస్తే ఎక్కడ రాయాలి?

ధర, బొమ్మల నాణ్యత, చదువరుల సంఖ్య వంటి కొలతలతో వీటిని పోల్చేవారు చాలామంది ఉన్నారు, వారి సలహాలు ఇరవై ఏళ్ల కుర్రవారికి బాగానే పనికొస్తాయి. నలభైకి దగ్గరపడినవారికి నేను చెప్పే కొలబద్ద ఒక్కటే: సగంలో ఉండగా లేవాల్సి వస్తే ఏం పోతుంది? గేటు దగ్గర డ్రైవర్లు గొడవపడుతున్నారని ఫోను వస్తుంది, పాపకు జ్వరం కాస్తుంది, కరెంటు పోతుంది, చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగుతారు. లేవడం ఎలాగూ తప్పదు కనుక, తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు వదిలిన చోటనే పని మన కోసం ఆగి ఉందా లేదా అన్నదే చూసుకోవాలి. రోజుకు రెండు గంటల ఖాళీ ఉందని లెక్క వేసుకొని మోసపోయేవారిని చాలామందిని చూశాను. ఆ రెండు గంటలు ఆరు ముక్కలుగా దొరుకుతాయన్న సంగతి వారి లెక్కలోకి రాదు.

ఆగే ఆటలు, ఆగని ఆటలు

ముందుగా ఆటల సంగతి చూద్దాం. ఇక్కడ పొరపాటు చేస్తే మిగిలినవన్నీ సరిగ్గా ఎంచుకున్నా ఫలితం ఉండదు.

ఫోనులో జట్టుగా ఆడే కాల్పుల ఆటలు మన జిల్లాల్లో అందరికీ తెలిసినవే. బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాలో వందమంది దిగే ఒక మ్యాచ్‌లో చివరిదాకా నిలిస్తే అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఫోను పక్కన పెడితే మన బొమ్మ చావడమే కాదు, మనల్ని నమ్ముకున్న ముగ్గురి ఆట కూడా చెడుతుంది. రాసేవారి వైపు నుంచి చూసినా వీటితో చిక్కే. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించారు. దాని స్థానంలో 2021లో వచ్చిన ఈ ఆటను 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి తొలగించారు. 2023 మేలో మళ్లీ రానిచ్చారు. ఏ తుపాకి మంచిదో, ఎక్కడ దిగాలో వివరిస్తూ కష్టపడి రాసిన టపా (బ్లాగు వ్యాసం) ఒకటి రెండు అప్‌డేట్లతో పాతబడిపోతుంది. ధాన్యం సీజన్ ముగిసి మూడు నెలల తర్వాత తిరిగి వచ్చే నాబోటివాడు అప్పటికి మారిపోయిన ఆటను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఇక పెద్ద కథల ఆటలు. 2015లో వచ్చిన ది విచర్ 3లో కథను మాత్రమే ముగించడానికి సుమారు యాభై గంటలు పడుతుంది, పక్కదారులు కూడా తిరిగితే వంద దాకా వెళుతుంది. దీన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపవచ్చు, సేవ్ చేసుకోవచ్చు, కాబట్టి నా కొలబద్దకు నిలిచినట్టే కనిపిస్తుంది. కానీ ఆట మనల్ని గుర్తుపెట్టుకున్నా మనం ఆటను గుర్తుపెట్టుకోలేము. ఒక ఏడాది సెప్టెంబరులో సగం ఆడి వదిలేసి, ధాన్యం ఒత్తిడి తగ్గాక సంక్రాంతి సెలవుల్లో తెరిచాను. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియలేదు, ఏ బటన్ దేనికో గుర్తులేదు, నేను ఏ ఊరికి ఎందుకు వచ్చానో అంతకన్నా గుర్తులేదు. అలాంటి ఆటను ఏడాదికి ఒక్కటి మాత్రమే, అదీ పని పలచగా ఉండే జనవరి నుంచి మార్చి మధ్యలో పెట్టుకొని, ప్రతిసారి లేచే ముందు రెండు వాక్యాలు ఫోనులో రాసుకుంటూ ఆడాలి. ఆ రెండు వాక్యాలే తర్వాత టపాకు ముడిసరుకు అవుతాయి. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ గురించి చాలామంది అడుగుతారు. అది గొప్ప ఆటే గాని అందులో పాజ్ బటన్ లేదు. పసిపిల్లలున్న ఇంట్లో అంతకన్నా ఎక్కువ చెప్పనవసరం లేదు.

నేను నిస్సంకోచంగా ముందు వరుసలో పెట్టేవి చిన్న ఆటలు. 2014 నాటి మాన్యుమెంట్ వ్యాలీ, 2018 నాటి ఫ్లోరెన్స్ ఫోనులోనే ఆడుకోవచ్చు. రెండోది గంట కూడా పట్టదు. 2019లో వచ్చిన ఎ షార్ట్ హైక్ రెండు గంటల లోపు కొండెక్కి దిగే కథ. 2023లో వచ్చిన వెన్బా అయితే తెలుగు చదువరికి ప్రత్యేకంగా పరిచయం చేయదగినది. 1980లలో కెనడాకు వలస వెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ అది, గంటా గంటన్నరలో అయిపోతుంది. తల్లి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటే, మిగిలినదాన్ని బట్టి ఇడ్లీ ఎలా వేయాలో ఆడేవారు తేల్చుకోవాలి. ఇడ్లీ ఎన్నడూ చూడని దేశాలవారికి అది చిక్కుముడి కావచ్చు. మా ఆవిడ మాత్రం స్టవ్ దగ్గరి నుంచి ఒక్క చూపు చూసి, రేకులు ఎలా పేర్చాలో చెప్పేసి వెళ్లిపోయింది. ఆ ఆట గురించి ఇంగ్లిష్‌లో వచ్చిన సమీక్షలు ఎన్ని చదివినా ఈ మాట దొరకదు, తెలుగులో రాసేవారి చేతిలో ఉన్న సరుకు ఇలాంటిదే. చిన్న ఆట ఒక ఆదివారం మధ్యాహ్నంతో పూర్తవుతుంది, మరో రెండు రాత్రులతో దాని గురించి రాయడమూ పూర్తవుతుంది. సగంలో ఆగిపోయిన ఆటల గురించి సగంలో ఆగిపోయిన చిత్తుప్రతులు పేరుకుపోయే బాధ ఉండదు.

చిన్నవి కాకపోయినా ముక్కలుగా ఆడుకోదగినవి మరికొన్ని ఉన్నాయి. 2024లో వచ్చిన బలాట్రో పేకముక్కల ఆటే గాని అందులో డబ్బు పందెం లేదు. ఎప్పుడు మూసినా మళ్లీ అక్కడి నుంచే సాగుతుంది, ఫోనులోనూ దొరుకుతుంది. 2016 నాటి స్టార్‌డ్యూ వ్యాలీ సేద్యం చేసే ఆట. కంప్యూటరులో అది మన బొమ్మ రాత్రి పడుకున్నప్పుడే సేవ్ అవుతుంది, ఆటలోని ఒక రోజు మన లెక్కలో సుమారు పద్నాలుగు నిమిషాలు కనుక, కరెంటు పోతే పోయేది మహా అయితే ఆ పద్నాలుగు నిమిషాలే. పగలంతా రైతుల ధాన్యం కాంటా వేసి, రాత్రి ఇంటికొచ్చి బొమ్మ పొలంలో క్యాబేజీలు కోయడమేమిటని మా వాళ్లు నవ్వుతారు. అందులో తేమ శాతం గురించి ఎవరూ వాదించరు, అదే నాకు సుఖం.

యంత్రం

దీని గురించి అవసరానికి మించి ఆలోచిస్తారు గాని, కొత్తవారికి నా సలహా ఇంట్లో ఉన్న ఫోను, ఇంట్లో ఉన్న కంప్యూటరు చాలునని. పైన చెప్పిన చిన్న ఆటలకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో చెల్లించవచ్చు, కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. రెండు గంటల్లో ముగిసే ఆటను పూర్తి చేసి వాపసు ఇచ్చేవారూ ఉన్నారు. నియమం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

ప్లేస్టేషన్ కొనాలనుకునేవారు ఒక్క సంగతి గమనించాలి. ఆటను ఆపకుండా యంత్రాన్ని నిద్రపుచ్చి, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టే సదుపాయం అందులో చాలా హాయిగా ఉంటుంది, కానీ ఆ నిద్రలో ఉండగా కరెంటు పోతే సేవ్ చేయని ఆట పోతుంది. ఇన్వర్టరు లైను టీవీ ఉన్న గది దాకా లేకపోతే, లేచే ముందు సేవ్ చేసే అలవాటు తప్పనిసరి. చేతిలో పట్టుకొని ఆడే యంత్రాలకు సొంత బ్యాటరీ ఉంటుంది కనుక ఈ బెడద లేదు, అయితే వాటి ధర చూశాక చాలామంది మళ్లీ ఫోను దగ్గరికే వస్తారు.

రాయడమా, వీడియోనా?

మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయుడిగా ఉన్న మా బావమరిది వీడియోల వైపు, నేను రాత వైపు. పండక్కి కలిసిన ప్రతిసారి ఈ వాదన నడుస్తూనే ఉంటుంది. చూసేవారు ఎక్కువమంది వీడియోకే వస్తారన్న అతని మాట నిజమే, అందులో తగువు లేదు. కానీ పది నిమిషాల వీడియోకు ఆటను రికార్డు చేయాలి, మాటలు రాసుకోవాలి, చప్పుడు లేని చోట కూర్చొని గొంతు రికార్డు చేయాలి, కత్తిరించి అతికించాలి. మా ఇంట్లో రాత్రి పదిన్నర దాటితే గాని నిశ్శబ్దం దొరకదు, పదిన్నరకు నా కళ్లు తెరిచి ఉండవు. రాతకు నిశ్శబ్దం అక్కరలేదు. కుక్కర్ విజిల్ వేస్తున్నా, టీవీలో సీరియల్ నడుస్తున్నా వాక్యం రాసుకోవచ్చు, వాక్యం మధ్యలో లేచిపోయి రేపు వచ్చి ముగించవచ్చు. రికార్డు చేస్తున్న గొంతును మధ్యలో వదిలి వెళితే మర్నాడు అదే గొంతు, అదే ఊపు తిరిగి రావు.

ఆదాయం ఆశించేవారు ఇంకొకటి కూడా లెక్క వేసుకోవాలి. పొడవైన వీడియోలతో యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. ఏడాదిలో నాలుగైదు నెలలు మాయమైపోయే నాలాంటివాడికి ఆ పన్నెండు నెలల గడువే గుదిబండ. బావమరిదికి మాత్రం సాయంత్రాలు దాదాపు ఒకే వేళకు ఖాళీ అవుతాయి, ఎండాకాలం సెలవులు ఉంటాయి, కాబట్టి అతనికి వీడియో తప్పు ఎంపిక కాదని ఒప్పుకోక తప్పదు. బడి పనివేళల్లాంటి క్రమం ఉన్న జీవితానికి వీడియో నప్పుతుంది, మిల్లు పనివేళల్లా క్రమం లేని జీవితానికి రాత నప్పుతుంది.

ఎక్కడ రాయాలి?

ఇక్కడ నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదట్లో సొంత డొమైన్ (సైటు పేరు), డబ్బు కట్టే హోస్టింగ్ (సైటును ఉంచే అద్దె చోటు), అందులో వర్డ్‌ప్రెస్ పెట్టుకొని ఎంతో ముచ్చటగా ఇల్లు కట్టుకున్నట్టు అలంకరించుకున్నాను. వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైన, సైట్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్, దానితో చేయలేనిది దాదాపు లేదు. అయితే దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి, దానికి తగిలించే అదనపు హంగులు, అంటే ప్లగిన్లు చూసుకోవాలి, ఏటా హోస్టింగ్ పునరుద్ధరించాలి. ఒక నవంబరులో, లారీలు రోడ్డు దాకా నిలిచిన వారంలో, ఆ పునరుద్ధరణ ఉత్తరం నా మెయిల్‌లో చదవకుండానే ఉండిపోయింది. జనవరిలో చూసేసరికి సైటు లేదు, హోస్టింగ్ సంస్థ దగ్గర నకలు లేదు, నా దగ్గర అంతకన్నా లేదు. ముప్పైకి పైగా టపాలు పోయాయి. కొన్నిటిని పాత చిత్తుల నుంచి తిరిగి రాసుకున్నాను, మిగిలినవాటి పేర్లు కూడా ఇప్పుడు గుర్తులేవు.

ఆ తర్వాత గూగుల్ వారి బ్లాగర్‌కు మారాను. 1999లో పుట్టి 2003లో గూగుల్ చేతికి వచ్చిన ఈ సేవ పాతకాలపు సరుకని, రూపురేఖలు మోటుగా ఉంటాయని చిన్నచూపు చూస్తారు. ఉన్న మాటే. కానీ మూడు నెలలు తాళం వేసి వెళ్లినా తిరిగి వచ్చేసరికి టపాలన్నీ పెట్టినచోటనే ఉంటాయి, పైసా కట్టనవసరం లేదు, మొత్తం నకలును ఒక ఫైలుగా దింపుకోవచ్చు. కావాలంటే ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలతో సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. ఒకవేళ అది కట్టడం మరిచిపోయినా పోయేది పేరే గాని రాత పోదు. హోస్టింగ్ కూడా తామే చూసుకునే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ఖాతా చూడటానికి దీనికన్నా అందంగా ఉంటుంది, కానీ మన పేజీల్లో వారి ప్రకటనలు వస్తాయి. సబ్‌స్టాక్ వంటివి టపాను నేరుగా చదువరి మెయిల్‌కు పంపుతాయి; మెయిల్ తెరిచి చదివే అలవాటున్న పాఠకులు మీకుంటే మంచిదే, నా పాఠకుల్లో ఎక్కువమంది వాట్సాప్‌లో పంపిన లంకె నొక్కి వచ్చేవారే. ఫేస్‌బుక్‌లో మాత్రమే రాయడం నీటి మీద రాతతో సమానం, ఆర్నెల్ల కిందటి టపాను రాసినవారు కూడా వెతికి పట్టుకోలేరు.

బ్లాగర్‌లో తెలుగువారికి ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే అది ఆ అక్షరాలను వదిలేసి, టపా చిరునామాకు ఏ అర్థమూ లేని ఒకే మూస పేరు, పక్కన ఒక అంకె పెట్టేస్తుంది. ప్రచురించే ముందే కుడివైపు పట్టీలో శాశ్వత లంకె అన్న చోట ఆట పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో మనమే ఇచ్చుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో దీనికి వ్యతిరేకమైన తలనొప్పి ఉంది: అది తెలుగు శీర్షికను ఉంచుతుంది గాని, ఆ లంకెను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులు, అంకెలు కలిసి నాలుగు వరుసల పొడవున గొలుసులా పడుతుంది, మోసపు లంకె అనుకొని ఎవరూ నొక్కరు.

టైపింగ్‌కు ఫోనులోని జీబోర్డు (గూగుల్ కీబోర్డు) సరిపోతుంది. గొంతుతో చెప్పి రాయించడమూ వీలవుతుంది గాని అది ఆటల పేర్లను పూర్తిగా చంపేస్తుంది, మన నల్లగొండ యాసను సగం చంపుతుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన పాఠాన్ని మాత్రం నెట్‌లో పెట్టకూడదు. అది అన్ని యంత్రాలూ చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో ఉండదు కనుక చదువరికి పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది, వెతికితే దొరకదు.

కొత్త ఆటా, పాత ఆటా?

కొత్తగా విడుదలైన ఆట గురించి వెంటనే రాయాలన్న తహతహను వదిలేయమని గట్టిగా చెబుతాను. పెద్ద పత్రికల సమీక్షకులకు విడుదలకు ముందే ఆట చేతికి వస్తుంది. మనం నాలుగైదు వేలు పెట్టి కొని, ముక్కలు ముక్కలుగా ఆడి ముగించేసరికి ఆ ముచ్చట చల్లారిపోయి ఉంటుంది. అదే ఆట రెండు మూడేళ్లకు పావు ధరకు వస్తుంది, అప్పటికి లోపాలూ సరిదిద్ది ఉంటారు, రాయడానికి తొందరా ఉండదు.

ఇంకా వెనక్కి వెళితే మనకు మాత్రమే చెప్పడానికి వీలైనవి దొరుకుతాయి. టీవీకి తగిలించిన క్యాసెట్ ఆటల్లో కాంట్రా మొదలయ్యే ముందు పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ నొక్కితే ముప్పై ప్రాణాలు వస్తాయన్న రహస్యం మా వాడకు ఎలా చేరిందో ఇప్పటికీ తెలియదు. జపాన్‌లో కజుహిసా హషిమోటో అనే ఉద్యోగి 1986లో గ్రేడియస్ అనే మరో ఆటను పరీక్షించడం తనకే కష్టమై ఆ మీట వరుసను పెట్టుకున్నాడని పెద్దయ్యాక తెలిసింది. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు నెట్ సెంటర్లలో వైస్ సిటీ కోసం వంతు వేసుకొని నిలబడ్డవారు, మన ఊళ్లలో ఆ ఆటను ఎలా ఆడారో రాసిపెడితే అది సమీక్ష కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. నాకు ఎక్కువ ఉత్తరాలు తెచ్చిపెట్టినవీ అలాంటి టపాలే.

బొమ్మలు వాడవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. మనం ఆడుతూ తీసుకున్న రెండు మూడు స్క్రీన్‌షాట్లు పెట్టి, వాటి గురించి నిజంగా ఏదో ఒకటి చెబితే చాలు.

డబ్బు మాట

గూగుల్ ప్రకటనలు తెలుగు పేజీలకు 2018 నుంచి అందుబాటులో ఉన్నాయి. వంద డాలర్లు పోగయ్యేదాకా చేతికి రూపాయి రాదు, నెలకో టపా రాసేవారికి ఆ వంద పోగవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే నేను పెట్టుకోలేదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు ఎంత చిన్న ఆదాయానికైనా ముందు తమ ప్రవర్తనా నియమాలు చదువుకోవాలి.

దీనికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. బ్లాగు కాస్త కనబడగానే, రమ్మీ, పందేల యాప్‌ల లంకె పెడితే వేలల్లో ఇస్తామంటూ మెయిళ్లు వస్తాయి. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేల ఆటలను నిషేధించింది. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అలాంటి మెయిల్‌కు జవాబు కూడా ఇవ్వవద్దు.

కిందటి నెల జడ్చర్లకు చెందిన ఒక మిత్రుడు, రోజూ హైదరాబాదు దాకా బస్సులో వెళ్లి వచ్చేవాడు, తనకేది తగునో తేల్చమన్నాడు. సీటు దొరికిన రోజు గంటన్నర, దొరకని రోజు సున్నా. సిగ్నల్‌తో పనిలేని ఫోను ఆటలు, ఫోనులోనే రాత, బ్లాగర్, నెలకు ఒక్క టపా అని చెప్పాను. మాన్యుమెంట్ వ్యాలీతో మొదలుపెట్టాడు. షాద్‌నగర్ దాటేలోపు ఒక అంకం అయిపోతోందని, శంషాబాద్ దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు నాలుగు వాక్యాలు రాసుకుంటున్నానని మొన్న ఫోను చేశాడు. నేను అప్పుడు కాంటా దగ్గర ఉన్నాను, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను.